నాలుగు వందల పదిహేడో నంబరు బిళ్ల

మూతపడ్డ నూలు మిల్లు గోడకి బుధవారం పొద్దున ఒక నోటీసు అంటించారు. పాత కాగితాలన్నీ శనివారం లారీలో గుజ్జు కంపెనీకి పోతున్నాయనీ, సర్వీసు కాగితాలు కావలసిన కార్మికులు గానీ వాళ్ల పిల్లలు గానీ ఈలోగా వచ్చి వెతుక్కోవచ్చనీ అందులో ఉంది. డ్యూటీకి పోతూ లాండ్రీ అక్క దాన్ని చదివింది.

పెద్దాసుపత్రిలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. డాక్టర్ల దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ల దాకా అందరికీ ఆమె లాండ్రీ అక్కే. ఇరవై ఎనిమిదేళ్లుగా అక్కడి దుప్పట్లన్నీ ఆమె చేతుల మీదుగానే శుభ్రపడి వార్డులకు చేరుతున్నాయి. మరక చూసి అది మందో, రక్తమో, టీయో చెప్పేస్తుంది. ఏ వార్డు దుప్పటో కూడా చెబుతుంది. కోపిష్టి కాదు గానీ పట్టిన పట్టు విడిచే రకం కాదు. వాళ్లమ్మ పన్నెండో ఏట ఆ మిల్లులో చేరి, అది మూతపడేదాకా నూలు చుట్టింది. అమ్మ కాగితం ఒకటి ఇంట్లో ఉంటే మంచిదని అక్క మధ్యాహ్నం సెలవు పెట్టి మిల్లుకి వెళ్లింది.

గేటు దగ్గరున్న ముసలి కాపలాదారుని అందరూ గేటు తాత అంటారు. ఫోను అక్కడ పెట్టి లోపలికి వెళ్లమన్నాడు. "ఫోటోలు తియ్యకూడదని ఆర్డరమ్మా. నేనైతే చూసీ చూడనట్టు ఊరుకుందును. కానీ పైన కెమెరా పెట్టారు. అది నా మాట వినదు."

అమ్మ కాగితం అరగంటలో దొరికింది. అక్కడితో వచ్చేస్తే సరిపోయేది. కానీ పక్క బీరువాల మీద సుద్దతో సంవత్సరాలు రాసి ఉన్నాయి. వాటిలో ఒకదాని ముందు అక్క కాళ్లు ఆగిపోయాయి. అది అరవై ఎనిమిదేళ్ల కిందటి సంవత్సరం.

ఆ ఏడే ఆమె తాత, అంటే అమ్మకి తండ్రి, పత్తా లేకుండా పోయాడు. మిల్లు బాయిలర్‌లో బొగ్గు వేసేవాడు. ఒకరోజు పొద్దున పనికి వెళ్లి మళ్లీ రాలేదు. ఎవర్నో లేపుకుపోయాడన్నారు. అప్పటికి అమ్మకి ఏడేళ్లు, అమ్మమ్మ కడుపుతో ఉంది. ఆర్నెల్లకి మామ పుట్టాడు. అమ్మమ్మ చనిపోయేదాకా తాతని తిడుతూనే ఉంది. అమ్మ తిట్టదు. 'ఆ మనిషి' అంటుంది, అంతే.

అక్క ఆ ఏటి హాజరు పుస్తకం దించింది. తాత పేరు పక్కన నాలుగు వందల పదిహేడో నంబరు. పద్నాలుగో తేదీ దాకా వరుసగా హాజరు గుర్తులు. ఆ తర్వాత ఎర్ర సిరాతో అడ్డగీత, దాని మీద 'చెప్పకుండా పోయినాడు, పేరు కొట్టివేయడమైనది' అన్న మాట. ఇంతవరకూ ఇంట్లో విన్నదే. కానీ అదే కట్టలో ఇంకో పుస్తకం ఉంది. అది బిళ్లల పుస్తకం. ప్రతి కార్మికుడికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఒకటి ఉండేది. లోపలికి పోయేటప్పుడు గేటు బోర్డు మీద నుంచి తీసుకోవాలి, బయటికి వచ్చేటప్పుడు తిరిగి తగిలించాలి. రెండు వేళలూ రాసేవాళ్లు. పద్నాలుగో తేదీన నాలుగు వందల పదిహేడు పొద్దున ఆరింటికి తీసుకున్నట్టు ఉంది. తిరిగి తగిలించిన వేళ లేదు. ఆ గడి ఖాళీ.

టైమైందని చెప్పడానికి వచ్చిన గేటు తాతకి ఆ పేజీ చూపించింది.

"తాతా, బిళ్ల తగిలించకుండా బయటికి పోవడం కుదిరేదా?"

"కుదరదమ్మా. గేటుకి అటొకడు ఇటొకడు ఉండేవాళ్లం. గోడ దూకితే అవతల కాలవ."

"మరి ఈయన ఏమైనట్టు?"

గేటు తాత కళ్లద్దాలు సవరించుకుని గీతల వెంట వేలు పెట్టి చదివాడు. తర్వాత రెండు రోజుల పేజీలు కూడా తిప్పాడు. "పుస్తకం ప్రకారమైతే," అన్నాడు మెల్లగా, "ఇంకా లోపలే ఉన్నాడు."

అక్క బాయిలర్ గది చిట్టా ఎక్కడని అడిగి అదీ తీయించింది. ఆవిరి ఎంత, బొగ్గు ఎంత అని రోజుకో పేజీ. పదమూడు ఉంది. పద్దెనిమిది ఉంది. మధ్యలో రెండు ఆకుల్ని కుట్టు దాకా బ్లేడుతో కోసేశారు. కోత నిటారుగా, నీటుగా ఉంది. హాజరు పుస్తకం, బిళ్లల పుస్తకం ఉన్న కట్ట తాడు తెగిపోతే, లాండ్రీ మూటలకు కట్టే నీలం నాడా ఒకటి తన సంచిలోంచి తీసి కట్టి పైన పెట్టింది. తన నంబరు గేటు తాతకిచ్చి బయటికొచ్చింది.

ఆ సాయంత్రమే మామ వచ్చాడు. నలభై ఏళ్లు గూడ్సు షెడ్డులో మూటలు మోసిన మనిషి. నడకా మెల్లగానే, కోపమూ మెల్లగానే, కానీ బయల్దేరితే ఆగడు. అందుకని షెడ్డులో ఆయన్ని 'గూడ్సు' అనేవాళ్లు. అమ్మ వంటింట్లో ఉందని చూసుకుని గొంతు తగ్గించాడు.

"మిల్లులో ఏదో వెతుకుతున్నావంట."

"ఎవరు చెప్పారు మావయ్యా?"

"ఎవరు చెప్తే ఏంటే. ఆ మనిషి జోలి మనకొద్దు. అరవై ఏళ్లు దాటిపోయింది."

"ఆయన మిల్లులోంచి బయటికి రాలేదు మావయ్యా. పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో తప్పు రాసుంటారు." మామ కుర్చీలో కూర్చోలేదు. "మా అమ్మకి కోపమొస్తే ఏమనేదో తెలుసా నీకు? 'నువ్వు కడుపులో పడ్డావనే పోయాడు' అనేది. వీధిలో ఇంకో రకంగా అనేవాళ్లు. తండ్రి ఎవరో అని. అవన్నీ మింగి ఇన్నాళ్లు బతికా. రేపు నువ్వు ఇంకో ఊళ్లో ఇంకో పెళ్లాం, పిల్లల పేర్లు పట్టుకొస్తావు. నేనేం చేసుకోను వాటిని?"

ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ మాటా నిజమేనేమో అన్న భయం ఆమెనీ పట్టుకుంది. కానీ ఖాళీ గడి కళ్ల ముందు నుంచి పోలేదు.

మిల్లులో దెబ్బ తగిలినవాళ్లని ఎక్కడికి తీసుకెళ్తారు? పెద్దాసుపత్రికే. గురువారం పొద్దున్నే అక్క రికార్డు గది తలుపు తట్టింది. అక్కడి గుమాస్తాని వెనకాల అందరూ రూలు మేడమ్ అంటారు.

"సూపరింటెండెంట్ సంతకం లేనిదే బీరువా తీయను. నువ్వైనా అంతే," అందావిడ.

సూపరింటెండెంట్ ఊళ్లో లేడు. శుక్రవారం పది దాటాక వచ్చాడు. అక్క మాట సగం విని సంతకం చేశాడు. రూలు మేడమ్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తాళం తీసి, తనే నిచ్చెన ఎక్కింది.

ఆ ఏటి ప్రమాదాల రిజిస్టరు చెదలు తిని జల్లెడలా ఉంది. పద్నాలుగో తేదీన ముగ్గురు: జారిపడ్డ స్త్రీ, కుక్క కరిచినవాడు, బండి కింద పడ్డవాడు. పదిహేనున ఇద్దరు. మిల్లు మాటే లేదు. అక్క రెండోసారి, మూడోసారి చదివింది. లేదు.

"అయిపోయిందా?" అంది రూలు మేడమ్.

"అయిపోయింది మేడమ్."

ఆవిడ పుస్తకం మూయబోయి ఆగింది. "ఎలాంటి పని చేసేవాడు?"

"బాయిలర్‌లో."

"మరి ముందే చెప్పొద్దూ. కాలిన కేసులకి వేరే పుస్తకం."

ఆ పుస్తకం సన్నగా ఉంది. పద్నాలుగో తేదీ, పొద్దున తొమ్మిదీ నలభై. 'పేరు తెలియదు. పురుషుడు, సుమారు ముప్ఫై. మిల్లు బండిలో వచ్చినాడు. ఆవిరికి ముఖము, ఛాతీ, చేతులు కాలినవి. మాట లేదు. తెచ్చినవారు: మిల్లు బాయిలర్ మేస్త్రీ.' కింద సంతకం. చివరి గడిలో 'వెంట ఉన్న వస్తువులు' అని ఉంది. అందులో 'ఇత్తడి బిళ్ల ఒకటి, నం. 417.'

పదహారో తేదీ ఉదయం మరణించినట్టు పక్కనే చిన్న అక్షరాలు.

పేరు తెలియదని రాయించినవాడు రోజూ పక్కన నిలబడి పని చేయించిన మేస్త్రీ. రూలు మేడమ్ అడక్కుండానే కిటికీ తలుపు తెరిచి వెలుతురు పడేలా చేసి, "ఫోటో తీసుకో," అంది. "సరిగ్గా తీయి. వణక్కు."

ఫోను జేబులో పెట్టేలోపే మోగింది. గేటు తాత. "అమ్మా, లారీ ఒకరోజు ముందే వచ్చేసింది. ఎక్కించేస్తున్నారు."

ఆసుపత్రి పుస్తకంలో ఉన్నది అంకె ఒక్కటే. ఆ అంకె ఎవరిదో చెప్పే పుస్తకం లారీలో ఉంది. అది పోతే ఈ ఫోటోకి విలువ లేదు. మిల్లు పక్క వీధిలోనే ఉండే మామకి అక్క ఫోను చేసింది. "మావయ్యా, మిల్లుకి రా. వచ్చాక ఎన్ని తిట్టినా పడతా."

ఆటో దిగేసరికి లారీ నిండా కట్టలు పేర్చి, పైన టార్పాలిన్ పట్టా లాగుతున్నారు. మామ గేటు దగ్గర మొహం గంటు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్క ఏమీ చెప్పకుండా ఫోను ఆయన చేతిలో పెట్టింది. మామ చదువు కొద్దిపాటిది. పెదవులు కదుపుతూ ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు. 'మాట లేదు' దగ్గర ఆగాడు. మళ్లీ మొదటికి పోయాడు.

"ఈ నంబరు ఆయనదేనా?"

"ఆయనదే. ఆ రుజువు ఆ లారీలో ఉంది. నీలం నాడా కట్టిన కట్ట."

మామ చొక్కా చేతులు మడిచాడు. అరవై ఏడేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కడానికే మూలుగుతాడు. లారీ వెనక తలుపు పట్టుకుని ఒక్క ఊపున పైకి ఎక్కాడు. కాంట్రాక్టరు మనిషి పరిగెత్తుకొచ్చాడు.

"ఏయ్ పెద్దాయనా, దిగు. తూకం అయిపోయింది. ఒక్క కట్ట తగ్గినా నన్నడుగుతారు."

"తగ్గితే బదులు నన్నెక్కించుకుని పో," అని మామ పట్టా విప్పాడు.

కట్టల్ని ఎలా దించాలో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. పై వరుస తీసి పక్కకి, కింది వరుస తీసి ముందుకి. అక్క కింద నిలబడి ఒక్కొక్క తాడూ చూస్తోంది. గోనె తాడు, గోనె తాడు, గోనె తాడు. కాంట్రాక్టరు మనిషి ఎవరికో ఫోను చేస్తున్నాడు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. గేటు తాత వెళ్లి గేటు మూసి, లారీ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "నా గేటు. రాసుకోకుండా లారీని పంపను," అన్నాడు. రాయడం ఎంత మెల్లగా సాగిందంటే, ఒక్కో అక్షరానికీ పెన్ను విదిలించుకున్నాడు.

నాలుగో వరుసలో దొరికింది. మామ హాజరు పుస్తకం, బిళ్లల పుస్తకం రెండూ చంకలో పెట్టుకుని దిగి, ఎవరి వైపూ చూడకుండా గేటు దాటాడు. ఎవరూ ఆపలేదు. గేటు తాత కెమెరా కింద నిలబడి తన పుస్తకంలో రాసుకుంటూనే ఉన్నాడు.

ఇంట్లో అమ్మ మంచం మీద కూర్చుని దిండు గలీబుకి కుట్టు వేస్తోంది. ఇద్దర్నీ, వాళ్ల మొహాల్నీ చూసి సూది ఆపింది.

"ఏమే, ఇద్దరూ కలిసొచ్చారు. ఎవరు పోయారు?"

అక్క చెప్పింది. మధ్యలో ఆగకుండా, దాచకుండా చెప్పింది. అమ్మ గలీబుని నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టింది.

"రెండు రోజులు బతికున్నాడా?"

"ఆఁ."

"అప్పటి మన మిల్లు లైను ఇళ్ల నుంచి ఆసుపత్రి ఎంత దూరమే? పిల్లలం ఐసు ముక్కల కోసం నడిచిపోయేవాళ్లం." మడత విప్పుతూ, "ఎవరు తీసుకొచ్చారన్నావు?"

"మేస్త్రీ."

ఆ మేస్త్రీ అంటే ఈ ఇంట్లో ఎంత గౌరవమో అక్కకి తెలుసు. ఆయన పేరు ఎత్తితే ఇప్పటికీ అమ్మ కాళ్లు ముడుచుకుని కూర్చుంటుంది.

"ఆ సాయంత్రం మనింటికి వచ్చాడాయన," అంది అమ్మ. "గుమ్మం బయటే నిలబడ్డాడు. నీ మొగుడు ఎవర్నో తీసుకుని పారిపోయాడమ్మా అన్నాడు. అమ్మ ఆయన కాళ్ల మీద పడింది, ఇల్లు ఖాళీ చేయించొద్దు బాబూ అని. మర్నాడే అమ్మకి నూలు చుట్టే పని ఇప్పించాడు. తర్వాత నాకూ ఇప్పించాడు. నలభై ఏళ్లు ఆయనకి దణ్ణం పెట్టానే నేను." చేతిలోని గలీబు పక్కన పడేసింది. "గుమ్మంలో నిలబడ్డప్పుడు ఆయనకి తెలుసు. మా నాన్న ఇంకా బతికే ఉన్నాడని."

మామ తలెత్తాడు. ఆమె నోట 'మా నాన్న' అన్న మాట ఆయన పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

"అక్కా," అన్నాడు అమ్మతో, "నా సంగతి ఆయనకి తెలుసా?"

"తెలీకేం? నీకు ఉయ్యాల కట్టాలని మిల్లు నుంచి తాడు తెచ్చాడు. ఇంకా మూడో నెల కూడా నిండలేదు, అప్పుడే తాడేంటని అమ్మ నవ్వింది. ఆయన పోయాక దాని మీద బట్టలారేసేది."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఏం చెప్పను రా? వదిలేసి పోయినవాడు తాడు తెచ్చాడని చెప్తే నీకేం సుఖం?" అమ్మ కళ్లు తుడుచుకుంది. "మనకి తెలిసింది సరే. అమ్మకి ఎవరు చెప్తారు?"

మామ చంకలోని పుస్తకాలు రెండూ మంచం మీద పెట్టాడు.

మేస్త్రీ పోయి ముప్ఫై ఏళ్లు. మిల్లు చేతులు మారి మారి, జవాబు చెప్పాల్సినవాడు ఎవడో తెలియని స్థితి. అక్క ఒక్కటే అడిగింది: ఆసుపత్రి పుస్తకంలో పేరు రాయమని. పాత రిజిస్టరు దిద్దకూడదని మొదటి అర్జీ తిప్పికొట్టారు. రెండోదీ అంతే. మూడోదానికి రూలు మేడమ్ తనే కూర్చుని, ఏ నిబంధన కింద పక్కన చీటీ అంటించవచ్చో వెతికి నంబరుతో సహా రాసిచ్చింది. నాలుగు నెలలకి చీటీ అంటింది. అమ్మ రానంది, తర్వాత వచ్చింది, చీటీ మీద పేరుని మామ చేత రెండుసార్లు చదివించుకుని, టీ కూడా తాగకుండా ఇంటికి వెళ్లిపోయింది.

ఆ రోజు అక్క ఆ సన్న పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివింది. పేరు తెలియని మిల్లు మనుషులు ఆ ఏడే ఇంకో ఇద్దరున్నారు. ఒకడి దగ్గర నూట తొంభై రెండు, ఇంకొకడి దగ్గర ఆరు వందల ఎనిమిది. ఆ నంబర్లు ఎవరివో తెలిపే పుస్తకం ఇప్పుడు ఆమె ఇంట్లోనే ఉంది.

ఆదివారం మామా అక్కా ఆ రెండు పేర్లు రాసుకుని, వాళ్ల ఇళ్లు అడుగుతూ పాత లైను ఇళ్లవైపు వెళ్లారు. మొదటి ఇంట్లో ఒక నడివయసు మనిషి తలుపు సగమే తెరిచాడు. విషయం విన్నాడు. "మా తాత సంగతి మాకొద్దు. ఆయన మమ్మల్ని వదిలేసి పోయాడు," అని తలుపు వేసేశాడు. అక్క కాగితం మీద తన ఫోను నంబరు రాసి గడప కింద నుంచి లోపలికి తోసింది. రెండో ఇంట్లో ఒక ముసలావిడ వాకిట్లో కూర్చుని ఉంది. ఆరు వందల ఎనిమిది అనగానే, ఎవరు మీరని కూడా అడగకుండా, పక్కకి జరిగి బల్ల మీద చోటిచ్చింది.