రెండు జీబీల చోటు

మా మేనత్త శ్రీకూర్మం దగ్గర ఒక పల్లెలో ఉండేది. ఊడుపుల రోజుల్లో ఆవిడ మడిలో దిగి పాట ఎత్తితే, వరసలో ఉన్న ఆడవాళ్లందరూ అందుకునేవారు. మా అమ్మ ఆవిడకు వదిన. ఇద్దరూ పక్కపక్కనే వంగి నాట్లు వేస్తూ పాడేవారట. ఇది విన్నమాటే, నాకు గుర్తు లేదు. నాకు ఏడేళ్లు నిండకుండానే అమ్మ జ్వరంతో పోయింది. మొహం చూద్దామంటే ఒక పెళ్లి ఫోటో ఉంది. గొంతు మాత్రం ఎక్కడా లేదు.

నేను శ్రీకాకుళంలో తెలుగు టీచర్ని. మొయ్యడానికి తేలిగ్గా ఉంటుందని ఒక చిన్న లాప్‌టాప్ కొనుక్కున్నాను. అందులో ఉన్న చోటు ముప్పై రెండు జీబీలే. సగానికి పైగా ఆపరేటింగ్ సిస్టమే ఆక్రమించింది. మిగిలినదాంట్లో అత్త పాటలు దాచడం మొదలుపెట్టాను. నాది మాట్లాడడానికే పనికొచ్చే పాత ఫోను. అందుకే ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్లి, లాప్‌టాప్‌కి మైకు తగిలించి అత్త ముందు పెట్టేదాన్ని. ఆవిడ మైకును అనుమానంగా చూసి, గొంతు సవరించుకుని, కళ్లు మూసుకుని పాడేది. ఒకసారి పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించిన పాటలు మళ్లీ తెరుచుకోలేదు. అప్పటినుంచి ఆ పాటలను లాప్‌టాప్‌లోంచి కదపాలంటే నాకు భయం.

పాటలన్నీ అయిపోయాయనుకున్నాక ఒక ఆదివారం అత్త అంది, "ఒకటుండిపోనాదే గుంటా. మీ యమ్మ కట్టిన సరనం."

నాకు అర్థం కాలేదు. "అమ్మ పాట కట్టిందా?"

"ఆకు తీసే పాట ఉన్నాది కదా, దానికి ఆకర్ని ఓ సరనం కట్టింది. మడిలో నిలబడే కట్టేసింది. నీకెప్పుడూ సెప్పలేదు. సెప్తే ఏడుస్తావని."

"ఇప్పుడు ఏడవను. పాడత్తా."

ఆవిడ పాడింది. "ఆకుమడి తీసినారు, అమ్మ ఒడి విడిసినాను" అని నారుమొక్క చెప్పుకునే పల్లవి నేను ఎన్నిసార్లు విన్నానో. ఆ తర్వాత చరణాలు ఒకటొకటీ వచ్చాయి. చివరిది మొదలవగానే, మాట నిలబెట్టుకోలేక ఏడ్చేశాను. పైగా అంతా రికార్డవుతోంది కదా అన్న ధీమా. ఇంటికెళ్లి నెమ్మదిగా వినొచ్చనుకుని మాటలు పట్టుకోవాలని ప్రయత్నించలేదు. పాట అయ్యాక కొంగుతో కళ్లు తుడుచుకుని తెర వైపు చూస్తే, డిస్కు నిండిపోయిందని, రికార్డింగ్ ఆగిపోయిందని రాసి ఉంది. నాకు తెలియకుండా ఏదో అప్‌డేట్ దిగి, ఉన్న కాస్త చోటూ తినేసింది. పల్లవి వరకే మిగిలింది.

"ఏటే, అలా అయిపోనావు?" అంది అత్త.

"పాట ఆగిపోయిందత్తా. మళ్లీ పాడతావా?"

"ఇప్పుడు నా వల్ల కాదే. గొంతెండిపోనాది. వచ్చే ఆదివారం రా. ఆ పెట్టిని బాగుసేసుకునే రా. నానెక్కడికెల్తాను?"

సోమవారం మా బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మేడమ్‌కి లాప్‌టాప్ చూపించాను. అనవసరమైన ఫైళ్లన్నీ ఆవిడ తీసేసింది. వచ్చిన చోటు ఏ మూలకీ చాలలేదు.

"పాటలు కొన్ని తీసేయండి మేడమ్" అంది.

"పాటలు తప్ప ఏదైనా తీసెయ్యి."

"అలాగైతే సిస్టమ్ ఫైళ్లనే కుదించేద్దాం" అంది. "ఏదీ పోదండి. మెషీన్ తన ఫైళ్లని నొక్కి చిన్నగా చేసి పెట్టుకుంటాది. కావలసినప్పుడు తనే విప్పుకుంటాది. కాస్త నెమ్మదిస్తాది అంతే."

నల్లటి కిటికీ ఒకటి తెరిచి, 'కాంపాక్ట్' అని మొదలయ్యే ఒక ఆజ్ఞ టైపు చేసింది. ఛార్జర్ పీకొద్దని నాకు గట్టిగా చెప్పి క్లాసుకు వెళ్లిపోయింది. తెర మీద ఫైళ్ల పేర్లు వరసగా పైకి పాకుతూ ఉన్నాయి. రెండు పీరియడ్లు నాకు పని లేదు. స్టాఫ్ రూంలో కూర్చుని వాటినే చూశాను. ఆ పేర్లలో ఒక్కటీ నాకు తెలీదు. అయినా ఒక్కో పేరు దాటుతుంటే, వానలో బస్సులో నిలబడ్డవాళ్లు కొంచెం కొంచెం సర్దుకుని నాకు చోటిస్తున్నట్టే అనిపించింది. మధ్యాహ్నం భోజనాల వేళకు పని పూర్తయింది. రెండు జీబీల పైచిలుకు ఖాళీ వచ్చింది.

"దీంట్లో ఎంతసేపు పాడొచ్చు?" అని అడిగాను.

"మీ అత్తగారు అలిసిపోయేంతసేపు" అని నవ్వింది.

గురువారం అత్త కోడలు ఫోన్ చేసింది. అత్త పెరట్లో పడిపోయింది. పక్షవాతం.

ఆస్పత్రిలో నేను చూసేసరికి కుడి చెయ్యి కదలడం లేదు. మాట పోయింది. మిగిలింది 'అదే' అన్న ఒక్క మాటే. మంచినీళ్లు కావాలన్నా అదే, కోపమొచ్చినా అదే, నన్ను గుర్తుపట్టి చేతిని పట్టుకున్నప్పుడు కూడా అదే. ఇంటికి తీసుకొచ్చాక కూడా ఆదివారాలు మానలేదు. లాప్‌టాప్ సంచిలో పెట్టుకునే వెళ్లేదాన్ని. తెరిచేదాన్ని కాదు.

నాలుగు నెలలైంది. ఒక ఉదయం అరుగు మీద ఆవిడ తల దువ్వుతూ ఊరికే ఆ పల్లవి కూనిరాగం తీశాను. నా చేతికింద తల కదిలింది.

"ఆకుమడి తీసినారు..." అంది అత్త. స్పష్టంగా, మాటలతో సహా. కోడలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. మాట పోయినా పాట మిగలడం కొందరికి ఉంటుందని తర్వాత డాక్టరు చెప్పాడు. ఆ క్షణాన మాకది తెలీదు. దువ్వెన పారేసి లాప్‌టాప్ తెరిచాను. అది మేల్కొనగానే మైకు తగిలించి రికార్డింగ్ మొదలుపెట్టాను.

అత్త పల్లవి పాడింది. పాత చరణాల్లో మాటలు అక్కడక్కడా జారిపోయాయి. చివరి చరణం దగ్గరకొచ్చేసరికి మాటలు లేవు. రాగం మాత్రం ఎక్కడా తడబడలేదు. "అదే... అదే..." అంటూ ఆ రాగాన్ని చివరిదాకా నడిపింది. మధ్యలో ఒక్కచోట "గట్టు మీద గుంట" అని వచ్చింది. గుంట అంటే మా వైపు ఆడపిల్ల, అత్త నన్ను పిలిచేదీ అలాగే.

"గట్టు మీద గుంట... తర్వాత ఏమిటత్తా?"

ఆవిడ నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. మళ్లీ అదే మాట. నేను మళ్లీ అడిగాను. మూడోసారి అడిగేసరికి ఎడమ చేత్తో నుదురు కొట్టుకుంది. కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా కారాయి.

"ఒగ్గేయండి వదినా" అంది కోడలు. "ఆవిడికి తెలిసే ఉన్నాది. సెప్పలేకపోతన్నాది."

ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. కలిసి పల్లవి పాడుకునేవాళ్లం. చివరి చరణం దగ్గరకు రాకముందే నేను ఆపేసేదాన్ని. ఆ చలికాలంలోనే అత్త వెళ్లిపోయింది.

గట్టు మీద గుంట నేనే అయి ఉండాలి. అమ్మ మడిలో ఉంటే నన్ను గట్టు మీద కూర్చోబెట్టేవారని అత్త చెప్పేది. వంగిన నడుంతో నన్ను చూస్తూ అమ్మ ఏం కట్టి ఉంటుంది? ఏడవద్దని చెప్పిందా, ఆకలేస్తోందా అని అడిగిందా? ఒకసారి నా చెవిన పడిన మాటలే అవి. గుర్తు తెచ్చుకుందామంటే నా ఏడుపే వినిపిస్తుంది. ఊళ్లో అత్త ఈడు ఆడవాళ్లను ఇద్దరిని అడిగాను. పాట తెలుసు. ఆ చరణం తెలీదు.

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం, అత్త రాగానికి సరిపడా నేనే నాలుగు పాదాలు రాశాను. పాడి చూసుకుంటే చక్కగా అమరాయి. రెండు రోజులు అవే నోట్లో ఆడాయి. మూడో రోజుకి అమ్మే అలా పాడిందేమో అనిపించడం మొదలైంది. భయం వేసి కాగితం చింపేశాను. ఇప్పుడు ఆ చరణం దగ్గర నోరు మూసుకుని, రాగం మాత్రమే తీస్తాను.