తమ్ముడి క్లోమం

గోదావరి మీద రైలు వంతెనకి స్తంభాలు లేస్తున్న రోజుల్లో నేను రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో డ్రెస్సరుగా ఉండేవాణ్ణి. పుళ్ళకి కట్లు కట్టడం, డాక్టరు దొర శవాన్ని కోసి చూసేటప్పుడు పనిముట్లు అందించడం నా పని. నా తమ్ముడు మిషన్ బడిలో పంతులు. ఇరవై ఆరేళ్ళవాడు. ఆ వేసవిలో చెంబులకి చెంబులు నీళ్ళు తాగుతూ, చూస్తుండగానే కర్రలా అయిపోయాడు. దొర వాడి మూత్రంలో నీలం మందు పోసి మరగబెడితే అది ఇటుక రంగుకి తిరిగింది. మధుమేహం అన్నాడు. అన్నం, గంజి, బెల్లం ముట్టకూడదన్నాడు. మాంసం, గుడ్లు, ఆకుకూరలు మాత్రం పెట్టమన్నాడు.

ఆ పథ్యానికి కాపలా నేనే. ఒకరోజు మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మరదలు వాడికి చాటుగా గంజి తాగిస్తోంది. గిన్నె లాక్కుని పెరట్లో పారబోశాను.

"ఒక్క ముద్ద అన్నం పెట్టనీ అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. పెట్టనివ్వలేదు. తరవాత వాడు నన్ను ఏమీ అడగలేదు. మూడు వారాలకి, రెండు రోజులు స్పృహ లేకుండా పడి ఉండి, పోయాడు.

దొర నన్ను పక్కకి పిలిచి, లోపల చూడాలి, ఒప్పుకోమన్నాడు. పునరుత్థాన దినాన వాడు నిండు శరీరంతో లేవాలని మా అమ్మ కాళ్ళావేళ్ళా పడింది. ఉద్యోగం పోతుందన్న భయమో, తెలుసుకోవాలన్న కోరికో, ఒప్పుకున్నాను. పనిముట్లు కూడా నేనే అందించాను.

జీర్ణాశయం వెనక అడ్డంగా పడుకుని ఉండే ఆ అవయవాన్ని నేను చాలామందిలో చూశాను. జానెడు పొడుగున, లేత గులాబీ రంగులో, చిన్న చిన్న గింజలు దగ్గరగా గుచ్చినట్టు నిండుగా ఉంటుంది. మన వైద్యులు దాన్ని క్లోమం అంటారు. తమ్ముడిది నా చిటికెన వేలంత సన్నగా, పాలిపోయి, అంచులు ఎగుడుదిగుడుగా ఉంది. దొర తూచాడు. ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదన్నాడు.

పథ్యం ఇంకా గట్టిగా పట్టి ఉంటే బతికేవాడా అని అడిగాను.

"ఇంతగా కుంచించుకుపోయాక ఏ పథ్యమూ నిలబెట్టదు" అన్నాడు చేతులు కడుక్కుంటూ. ఆ క్లోమాన్ని సారాయి పోసిన గాజుసీసాలో పెట్టించాడు. పాతిపెట్టడానికి ఇమ్మని అడిగితే, చదువుకునేవాళ్ళకి పనికొస్తుందన్నాడు.

సమాధి అయిన మర్నాడు, ఏం కనబడిందో చెప్పమంది మరదలు. నేను అబద్ధం ఆడలేదు. ఆవిడ అంతా వింది.

"అయితే అన్నం పెట్టినా ఆయన పోయేవారే కదండీ, బావగారూ."

పోయేవాడే అన్నాను. ఆవిడ మొగల్తూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది. మా అమ్మ పోయినప్పుడు కూడా నా గడప తొక్కలేదు. పథ్యం వల్ల వాడికి నాలుగు రోజులు ఎక్కువ దక్కి ఉండొచ్చు. ఆ నాలుగు రోజులూ వాడు ఆకలితోనే ఉన్నాడు.

రెండేళ్ళు ఆ సీసా ఆసుపత్రి అలమారలో ఉంది. వారానికోసారి దాని దుమ్ము తుడిచేవాణ్ణి. దొరకి బదిలీ అయినప్పుడు దాన్ని తనతో తీసుకుపోయాడు. దాన్ని గడ్డిలో చుట్టి, పగలకుండా పెట్టెలో సర్దింది నేనే.