మైల ఇంట్లో లిల్లీ గడ్డలు

రఘునాథపల్లిలో గట్టయ్య లిల్లీ తోట ఎరగనివాళ్లు లేరు. వరంగల్ పూలమార్కెట్లో పెళ్లి దండకైనా, పాడె మీదికైనా ఆ పూలే పోయేవి. విత్తనం ఎక్కడో కొన్నది కాదు, తండ్రి నాటినుంచి ఇంట్లోదే. కొన్నేళ్లకోసారి ఆకు పండగానే గడ్డలు తవ్వి, తల్లిగడ్డ నుంచి పిల్లగడ్డలు విడదీసి, నీడన ఆరబెట్టి, తొలకరికి మళ్లీ నాటేవాళ్లు. తవ్వడం గట్టయ్యది, విడదీయడం భార్య సమ్మమ్మది. ఆమె చేతిలో ఒక్క పిలక విరిగేది కాదు.

ఈసారి తవ్వడం ముగిసిన సాయంత్రమే చెడగొట్టు వాన పడింది. తడిసిన గడ్డలను గట్టయ్య కొట్టంలో కుప్పపోసి టార్పాలిన్ కప్పాడు. తెల్లారి విప్పి ఆరబోద్దామన్నాడు. తెల్లారేసరికి మనిషే లేడు. గుండె ఆగిందన్నారు.

మూడోనాడు పిట్టకు పిండం పెట్టి వచ్చాక కోడలు హారిక కొట్టంలోకి వెళ్లింది. టార్పాలిన్ పైనుంచే సెగ తగిలింది. వచ్చి అత్త పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది.

"గడ్డలు ఉడుకుతానయ్ అత్తమ్మా. జర పరిచి వస్త."

సమ్మమ్మకు తెలియదా! తడిగడ్డను మూసిపెడితే ఏమవుతుందో ఆమెకు చెప్పాలా? కానీ మైలలో విత్తనం ముట్టరాదని పుట్టినప్పటి నుంచీ విన్నది. ముడితే ఇంట్లోంచి ఇంకో పీనుగ లేస్తుందంటారు. హారిక కడుపుతో ఉంది. పాలివాళ్లందరికీ మైలే. పక్కింటివాళ్లను పిలుద్దామంటే చావు ఇంటి విత్తనం వాళ్లెందుకు ముడతారు?

"వద్దు బిడ్డా. పదొద్దులు పోనీ," అంది.

మైల తీరేదాకా ఆమె కన్ను కొట్టం మీదే ఉంది. రానురాను వాసన ఇంట్లోకి వచ్చింది. పలకరించడానికి వచ్చినవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంటే, సమ్మమ్మ గోడవైపు తిరిగి కూర్చునేది.

కర్మ అయిన రోజు తలస్నానం చేసి, తడి చీరతోనే వెళ్లి టార్పాలిన్ లాగింది. పైన బూజు, లోపలంతా జావ. పట్టుకుంటే గడ్డ వేళ్ల మధ్యనుంచి జారిపోయింది. కూలబడి ఏడ్చింది. మొగుడి కోసం కూడా అంత ఏడవలేదు. ఆయన్ను దేవుడు తీసుకుపోయాడు, విత్తనాన్ని తన చేతులతో తానే చంపుకుంది. ఈ ఏడు తోట లేదు. పుట్టబోయే పిల్లకు తాత తోట లేదు.

హారిక పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. గట్టివి ఒక చాటెడు కూడా దొరకలేదు. సమ్మమ్మ వాటిని కడిగి, పిలక విరగకుండా విడదీసి, ఒక్కొక్కటీ నీడన పరిచింది. చివరిదాన్ని పెట్టాక కోడలి వైపు చూసింది.

"నేను పోయిన నాడు పీనుగ లేచేదాక ఆగకుండ్రి బిడ్డా. ముందుగాల గడ్డలు ఆరబోయుండ్రి. మైలేమన్న ఉంటె నాతోనే కాలిపోతది."