పెరుగు భీమమ్మకు తెలుపు పథ్యం

వనపర్తిలో మా వాడకు పెరుగు పోసే భీమమ్మ కుండ దించితే మూత నేనే తీసేదాన్ని. నీళ్లు కలిపిందేమోనని వేలు ముంచి నాకి చూసేదాన్ని.

"నాకితే నాకినవు గాని అక్కా, మళ్ల ముంచకు" అనేది.

రెండో యుద్ధం మొదలైన ఏడు ఆమె ఎడమ డొక్కలో ఏదో గట్టిగా తగలసాగింది. బల్ల, అంటే ప్లీహం, పెరిగిందని వాతలు పెట్టించారు. మనిషి ఎండిపోయింది, బల్ల మాత్రం తగ్గలేదు. సర్కారు దవాఖానకు నేనే తోడు వెళ్లాను. డాక్టరు ఆమె వేలు పొడిచి, నెత్తురు గాజు పలక మీద రాసి పట్నం పంపించాడు.

జవాబు వచ్చిన రోజు కంపౌండరు అనంతయ్యను నేను వదల్లేదు.

"ఏమున్నదయ్యా నెత్తురుల?"

"తెల్ల కణాలు ఉండాల్సినదానికి ఎన్నో రెట్లున్నయమ్మా."

"మందున్నదా?"

"పోగొట్టే మందు లేదు. పట్నంల బల్ల మీద కరెంటు కిరణాలు పట్టిస్తరు, కొన్నాళ్లు కుంగుతది. అక్కడికి పోకుంటే ఈ సీసాల చుక్కలే. పాషాణం మందు, జర పైలం. తిన్నంక, పాలల్ల వేసి తాపున్రి."

భీమమ్మ పట్నం పోనంది. అచ్చంపేటలో కూతురు రుక్కమ్మకు ఏడో నెల.

"బిడ్డ కాన్పు నా చేతుల మీద గావాలె. రెండు నెలలు నిలవెట్టున్రి, సాలు."

దారి పొడుగునా నాకు ఒకటే ఆలోచన. నెత్తురులో తెలుపు పెరిగితే పాలు తాగించమంటాడేమిటి? కామెర్లకు పసుపు మాన్పిస్తాం కదా! దవాఖాన వాళ్లకు పథ్యం సంగతి ఏం తెలుసు? వాడంతా నా మాటే సరి అంది. పాలు, పెరుగు, వరి అన్నం బందు చేశాం. రాగి అంబలి, ఎర్రకారం తొక్కు పెట్టాం. అది గొంతు దిగేది కాదు. చుక్కలు ఖాళీ కడుపున నీళ్లలో తాగించాం.

వారానికే కడుపులో మంట, వాంతులు.

"అక్కా, జర పెరుగు పెట్టు. కుండ నాదే గదనే."

"నీకు అది విషమే."

"వాడంత తిన్నరు గద, ఎవ్వరు సచ్చిన్రు?"

అందరం నవ్వాం. భీమమ్మ నవ్వలేదు. ఆ రోజు నుంచి చుక్కలకు నోరు తెరవలేదు. బల్ల బొడ్డు దాటింది. కాన్పుకు ఇంకా పదకొండు రోజులుందనగా పోయింది.

సీసా తిరిగి ఇస్తే అనంతయ్య వెలుతురుకు పట్టి చూశాడు. సగానికి పైగా ఉంది.

"పాలల్లనే ఇచ్చిన్రా?"

చేసింది చెప్పాను.

"కడుపు మండకుండ పాలు తల్లీ. తినే తెలుపుకు, నెత్తురుల తెలుపుకు ఏం పొత్తు?"

"పాలల్ల ఇస్తే బతుకుతుండెనా?"

"బతకదు."

"రెండు నెలలు?"

అనంతయ్య సీసా మూత బిగించాడు. బిగించిన మూతనే మళ్లీ బిగించాడు.

పసిగుడ్డును చూడడానికి అచ్చంపేట వెళ్లాను. రుక్కమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మ పెరుగు అడిగిందంట. పెట్టినవా పెద్దమ్మా?"

"పెట్టిన బిడ్డా" అన్నాను. "కడుపునిండ తిన్నది."