గాయాలకన్నా ముందే దిగిన లారీ

మా అక్క పెద్దాసుపత్రిలో మందుల స్టోరు చూసేది, ఇరవై రెండేళ్లుగా. పిడికెడు దూదికి పది ప్రశ్నలు వేస్తుందని డాక్టర్లు ఆమెకు ‘తాళంకప్ప’ అని పేరు పెట్టారు. పెళ్లి మాటెత్తితే, తమ్ముణ్ణి సాకడంతోనే తల ప్రాణం తోకకొస్తోందనేది.

వరదలొచ్చినా, వాంతులు, విరేచనాలు ప్రబలినా, విదేశీ సాయం ఎప్పుడొస్తుందో అక్కకు తెలుసు: పోయినవాళ్లు పోయాక, బతికినవాళ్లు బతికాక. అలాంటిది ఆ ఏడాది ఊళ్లో ఒక్కడికి గోరైనా ఊడకముందే ఓ పెద్ద దేశం పంపిన లారీ వచ్చింది. తూటా గాయాలకు కట్టే పట్టీలు, రక్తం సంచులు. వాటి అడుగున శవాలను చుట్టే జిప్పు సంచులు, నాలుగు వందలు. నోరు విప్పితే ఉద్యోగం ఊడుతుందని సూపరింటెండెంటు అక్కను హెచ్చరించాడు.

అధ్యక్షుడు దిగిపోవాలని మేం చౌరస్తాలో కూర్చుని అప్పటికి పదకొండు రోజులు. ఎదురింటి నర్సు మొగుడూ నేనూ రోజూ కలిసే వెళ్లేవాళ్లం. గుడారాలు, వేడి భోజనాలు ఆ దేశంవాళ్లే పంపేవారు. మమ్మల్ని ఆదుకునే దేవుళ్లనుకున్నాం, మా బుద్ధి గడ్డి తిని.

“కోతకు ముందే గోతాలు తెచ్చినవాడికి పంటెంతో తెలిసే ఉంటుందిరా. శుక్రవారం పెద్ద ఊరేగింపంటున్నారు. వెళ్లకు” అంది అక్క, లారీ సంగతి నాకొక్కడికే చెప్పి.

చాదస్తమన్నాను. పిరికిదానివని కూడా అన్నాను. ఆ మాట తలుచుకుంటే నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

శుక్రవారం పొద్దున సెలైన్ పెట్టెలు దించాలని నన్ను వెంటబెట్టుకెళ్లింది. ఆసుపత్రి గేటు దాకా నర్సు మొగుడూ మాతోనే నడిచాడు. “నువ్వు పద బాబూ, వీడు వెనకాలే వస్తాడు” అని అక్క అతణ్ణి పంపేసింది. నన్ను స్టోరులోకి తోసి బయట తాళం వేసింది. తలుపు బాదాను, నోటికొచ్చినట్టు తిట్టాను, చేతులు వాచాయి.

మధ్యాహ్నం కాల్పులు వినిపించాయి. మేడల మీంచి ఎవరు కాల్చారో నేటికీ తేలలేదు. మావాళ్లూ పడ్డారు, పోలీసులూ పడ్డారు. వారం తిరక్కుండా అధ్యక్షుడు పారిపోయాడు. పాతికేళ్లు ఆ పెద్ద దేశంలోనే కాపురమున్న ఒకాయన విమానం దిగి కుర్చీ ఎక్కాడు. ప్రజా విజయమన్నారు. విజయమట, నా బొంద.

ఆ శుక్రవారం సాయంత్రమే అక్క తాళం తీసింది. ఆమె వెనక నర్సు నిలబడి ఉంది. మొగుడి కోసం ఒక సంచి కావాలంది. అక్క తీసిచ్చింది. నర్సు గోడ వారన పేర్చిన దొంతర్లకేసి చాలాసేపు చూసింది.

“ఇన్ని ఎప్పుడొచ్చాయక్కా?”

“ఇందాకే” అంది అక్క.

నేను పక్కనే ఉన్నాను. నేనూ నోరెత్తలేదు.