అర కిలో తరుగు

మా మేనత్త తన బరువు మిరపకాయల కాటా మీద చూసుకునేది. కల్లంలో ఆఖరి బస్తా తూచి దించగానే చెప్పులు విడిచి ఎక్కి, అంకె చదవమని నన్ను పిలిచేది. గోతానికి తరుగు తీసినట్టే తన చీరకీ తీయాలని పట్టుబట్టేది.

"అర కిలో తరుగు తియ్యవే. చీర బరువు కూడా నా మీదే వేస్తావేంటి?"

షుగరు వచ్చాక ఇరవై కిలోలు తగ్గింది. తగ్గడం కన్నా దాన్ని నిలబెట్టుకోవడమే ఆమెకు కష్టమైంది. అందరికీ ముద్దపప్పులో నెయ్యి వేసి పెట్టి, తను జొన్నరొట్టెతో సరిపెట్టుకునేది. పిల్లలు వదిలేసిన ముద్ద నోట్లో వేసుకోబోయి, గుర్తొచ్చి గేదె కుడితిలో వేసేది. మోకాలి ఆపరేషనయ్యి మంచాన పడితే నాలుగు కిలోలు పెరిగింది. అప్పుడు ఏడ్చింది. తర్వాత కర్ర పట్టుకుని పత్తిచేల గట్ల మీద నడిచి నడిచి, ఆ నాలుగూ దించింది.

ఒక ఏడాది మాత్రం ఏమీ నడవకుండానే ఆరు కిలోలు తగ్గింది. అంకె చదివి నేనే చప్పట్లు కొట్టాను.

"చూశావా, ఇన్నాళ్ళకి ఒళ్ళు నా మాట వింది!" అంటూ కూలీలందరికీ బెల్లం పంచింది, తను తినకుండా.

ఆకలి లేదని రెండు నెలలుగా అంటూనే ఉంది. మేమది పట్టుదల అనుకున్నాం. గుంటూరు డాక్టరు పరీక్షలు చేసి, కడుపులో క్యాన్సర్ అన్నాడు.

మరుసటి కోతలకి ఆమెను ఇద్దరం పట్టుకుని కాటా ఎక్కించాం. చెప్పులు విడవలేదు. నేను అంకె చదవబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"ఈసారి తరుగు తీయమాకే," అంది.