నర్సింగ్ అన్న ఎడమ పక్క

శాన్ రామన్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక ఒక పార్కు ఉంది. మొన్న శనివారం ఉదయం అక్కడ తడిసిన బంతిని తన్నిన బరువైన చప్పుడు వినిపించి, కాఫీ కప్పుతోనే మైదానం గీత దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఎర్ర చొక్కా అతని కాళ్ళ దగ్గర బంతి ఉంది. వెనక నుంచి ఇంకొకడు దూసుకొస్తున్నాడు. "ఎనక!" అని అరిచాను. అతను తిరగలేదు. బంతి పోయింది. పక్కనున్న పెద్దాయన నవ్వుతూ అదేం భాష అని అడిగాడు. తెలుగు అన్నాను. అది సగం జవాబే. కోస్తాలో పుట్టిన నేను "వెనక" అనాలి. "ఎనక" సికింద్రాబాద్ నుంచి న్యూజెర్సీకి వచ్చి, అక్కడ నా నోట్లో చేరింది. చేర్చినవాడు నర్సింగ్ అన్న.

అన్న మిషన్ షాపులో లేత్ మీద పనిచేసేవాడు. సికింద్రాబాద్‌లో ఉన్నప్పుడు ఒక కార్ఖానా జట్టుకు ఫుట్‌బాల్ ఆడాడు. డెబ్భైల చివర ప్లెయిన్స్‌బరోలో ఒక సాయంత్రం, అపార్ట్‌మెంట్ల బట్టలుతికే గది గోడకు ఒంటరిగా బంతి తన్నుకుంటున్న స్టాన్ అనే పోలండ్ మనిషిని చూశాడట. నేరుగా వెళ్ళి గోడకూ అతనికీ మధ్య నిలబడ్డాడట. అదే మా క్లబ్ ప్రారంభోత్సవం. తర్వాత ఘానా నుంచి వచ్చిన ఫార్మసిస్టు, పోర్చుగీసు అన్నదమ్ములు, చదువుకోవడానికి వచ్చిన తెలుగువాళ్ళు చేరారు. సండే ఎలెవెన్ అని పేరు పెట్టుకున్నారు కానీ పదకొండుమందీ వచ్చిన ఆదివారాలు తక్కువ. క్లబ్ ఆస్తి అంతా కలిపి రెండు బంతులు, గాలి పంపు, స్టాన్ భార్య మరమ్మతు చేసిన వల. ఎనభైల మొదట్లో, ఎంఎస్ ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను వెళ్ళాను.

మొదటి రోజే అన్న నన్ను తన ఎడమ పక్క నిలబెట్టాడు. "నీ పని ఒక్కటే. నా ఎనక ఎవడన్న వస్తే చెప్పాలె," అన్నాడు. కాసేపటికి ఒకడు రానే వచ్చాడు. నాకన్నా అంత పెద్దవాణ్ణి ఎలా పిలవాలో తేల్చుకుని, "నర్సింగ్ గారూ, మీ వెనక ఒకతను వస్తున్నాడండీ," అన్నాను. అప్పటికి బంతి మా వలలో ఉంది.

అన్న నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏందిర బై అది, పెండ్లి పిలుపా? నువ్వు గారూ అని, అండీ అనేలోపల వాడు గోల్ కొట్టి, ఇంటికి పోయి, తానం గూడ చేసొచ్చిండు."

"మరి ఏమనాలండీ?"

"మల్ల అండీ! ఎనక అను. గంతే. గ్రౌండ్ల నేను అన్నను గాదు, గారును గాదు."

గోల్ దగ్గర నుంచి స్టాన్ "ఎనకా!" అని పోలిష్ యాసలో అరిచి చూపించాడు. పోర్చుగీసు అన్నదమ్ములు అందుకున్నారు. ఏ దేశంవాడైనా మా క్లబ్‌లో ఆ ఒక్క హెచ్చరికనూ తెలుగులోనే అరిచేవాడు. ఎదుటి జట్టుకు అర్థం కాకూడదని, అందుకే ఈ ఏర్పాటని అన్న చెప్పాడు. నేను నమ్మాను.

లెక్క పూర్తిగా తేలాకే నోరు తెరవడం నా స్వభావం. ఆఫీసులో డ్రాయింగ్‌లో తప్పు కనిపించినా, రెండోసారి సరిచూసుకునేలోపు మీటింగ్ అయిపోయేది. ఆ సంగతి ఒకసారి కారులో చెప్పుకుంటే అన్న నవ్వలేదు. "నూటికి నూరు తెలిసేదాక ఆగుతవు. అవుతల మనిషి పడిపోతడు. డెబ్బై తెలిస్తే చాలు, ఒర్రు. తప్పయితే నవ్వుకుందం," అన్నాడు. ఒర్రడమంటే అరవడం.

కొన్ని సీజన్ల తర్వాత ఒక ఆదివారం ఆట అయ్యాక వాళ్ళింట్లో టీ ఇచ్చాడు. ఎప్పుడూ కుడి పక్క కూర్చోబెట్టేవాడు, ఆ రోజు నేనే వెళ్ళి ఎడమ పక్క కుర్చీలో కూర్చున్నాను. నేను చాచిన చెయ్యి అతనికి కనిపించలేదు. కప్పు బల్ల అంచుకు తగిలి కింద పడింది.

"అన్నా, ఎడమ కన్ను..."

"పోయింది," అన్నాడు, గుడ్డతో నేల తుడుస్తూ. "నీటి కాసులు. ఈడికొచ్చిన కొత్తలనే షురూ అయింది." ఆట మానెయ్యమని డాక్టర్ గట్టిగా చెప్పాడట. మిగిలిన కంటికి బంతి దెబ్బ తగిలితే అదీ పోతుందన్నాడట. ఆ సీజన్‌లో ఇంకొక్క మ్యాచ్ ఉంది.

"మానెయ్యి అన్నా."

"మానేస్త. గా ఒక్కటి ఆడి మానేస్త. నువ్వు పక్కన ఉంటవు గద. స్టాన్‌కు మాత్రం చెప్పకు, గోల్ ఇడిచిపెట్టి నన్ను కాపలా కాస్తడు."

"నేను చూడకపోతే?"

"చూసుడు నీకు ముందే వచ్చు. నేను నేర్పింది ఒర్రుడే."

ఆ మ్యాచ్‌లో నేను బంతిని సరిగా చూడలేదు. అన్న ఎడమ భుజం పక్కనున్న ఖాళీనే చూశాను. మనిషి వచ్చినా అరిచాను, రాకపోయినా అరిచాను. రెండో సగంలో ఒక పొడుగాటివాడు ఆ వైపు నుంచే బంతిని బలంగా బాదాడు. అది నేరుగా అన్న ముఖం మీదికి వస్తోంది. అన్న అటు చూడటం లేదు.

"వంగరా!"

వంగాడు. బంతి జుట్టును రాసుకుంటూ పోయింది. మెల్లగా నిలబడి నా వైపు పూర్తిగా తిరిగాడు. "ఏమన్నవ్?"

"వంగరా అన్నాను. అన్నా, అది..."

"పో. ఇన్నొద్దులకు మనిషివైనవ్," అన్నాడు. అంత పెద్ద నవ్వు ఆ ముఖంలో మళ్ళీ చూడలేదు.

ఆట ముగిశాక స్టాన్ నా పక్కన కూర్చుని బూట్లు విప్పుకుంటూ, గొంతు తగ్గించి ఇంగ్లీషులో అన్నాడు: "ఆ కన్ను సంగతి మా అందరికీ ఎప్పుడో తెలుసు. మాకు తెలుసని ఆయనకు తెలియనివ్వం." ఎదురుగా పోర్చుగీసు తమ్ముడు తలూపాడు. ఎవరూ రాకపోయినా అరవడం నేను కొత్తగా కనిపెట్టింది కాదు. వాళ్ళు ఏళ్ళ తరబడి అదే చేస్తున్నారు.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. మరుసటి సీజన్ గీత బయట నిలబడి మమ్మల్ని తిట్టాడు. తర్వాత మోరిస్‌విల్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. స్టాన్‌కు వేరే ఊళ్ళో పని దొరికింది. క్లబ్ మూసేస్తున్నామని ఎవరూ ప్రకటించలేదు. ఒక ఆదివారం నలుగురమే వచ్చాం, కాసేపు బంతి తన్నుకుని ఇళ్ళకు వెళ్ళాం.

ఇప్పుడు మీటింగుల్లో డెబ్భై తెలిస్తే మాట్లాడుతున్నాను. తప్పయితే నవ్వుతున్నాను. నిన్న పార్కువాళ్ళు ఒక మనిషి తక్కువయ్యాడని నన్ను ఆటకు పిలిచారు. బంతి కాలికి తగిలిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగిపోయాను, ఆ క్షణంలోనే ఎవడో వచ్చి తీసుకుపోయాడు. నన్ను నెమ్మదస్తుడనుకున్నారు. నేను "ఎనక" కోసం వింటున్నానని వాళ్ళకు తెలియదు.